మంచు గుంటలో మనిషి

నెట్టీ స్టూచ్నాఫ్ ఓస్ప్రే లోయలో స్కూలు బస్సు నడిపేది. చలికాలం శనివారాలు మాత్రం కనుమ దగ్గరికి వెళ్లి, మంచులో గుంట తవ్వించుకుని అందులో పడుకునేది. మొదటిది జీతం కోసం చేసిన పని. రెండోది మొగుడి కోసం, మొగుడి కుక్క కోసం చేసింది. లోయలో ఆమెను ఎరిగినవాళ్లు బస్సు సంగతి మర్చిపోయినా గుంట సంగతి మర్చిపోరు.

మొగుడు ఎల్మర్ కనుమ రోడ్డు మీద మంచు తోసే బండి నడిపేవాడు. పెళ్లయిన చాలా ఏళ్లకు, ఒక ఫిబ్రవరిలో, ఆ రోడ్డు మీదికి మంచుచరియ విరిగిపడింది. చక్రాలకు గొలుసులు బిగించడానికి కిందికి దిగిన లారీ డ్రైవరు దాని కింద కూరుకుపోయాడు. వాసన పట్టే కుక్కను బయటి ఊరి నుంచి తెప్పించేసరికి పొద్దు వాలిపోయింది. ఆ రోజు ఎల్మర్ ఇంటికొచ్చి, బూట్లయినా విప్పకుండా వంటగది గుమ్మంలో నిలబడ్డాడు.

"మన లోయకే ఒక కుక్క ఉండాలి నెట్టీ."

"ఉంటే మంచిదే. దాన్ని చూసుకునేదెవరు?"

"నేను."

"నీ గడ్డమే నువ్వు సరిగ్గా చూసుకోవు. కుక్కనేం చూస్తావు?"

అన్నదే గానీ వద్దనలేదు. వాళ్లకు పిల్లల్లేరు. ఆ వసంతంలో ఒక నల్లటి కుక్కపిల్ల ఇంటికొచ్చింది. అప్పటికింకా బతికే ఉన్న ఎల్మర్ తల్లి దాన్ని ఒళ్లో వేసుకుని, "నల్లకుక్కకి జూచ్కా కాక ఇంకేం పేరు పెడతార్రా" అని తేల్చేసింది. ఆమె చిన్నప్పుడు, వాళ్లింట్లో అందరూ రష్యన్ మాట్లాడే రోజుల్లో, వాళ్లకూ ఒక జూచ్కా, అంటే చిన్న నల్లపురుగు అనే పేరున్న కుక్క, ఉండేదట.

కుక్కకు ఇదంతా ఒక ఆట. మంచు కింద మనిషి ఉంటాడు. మనిషి చేతిలో ఉన్నిగుడ్డ ఉంటుంది. వాసన పట్టి, తవ్వి, ఆ మనిషిని చేరుకుంటే అతను గుడ్డ అందించి లాగులాట ఆడతాడు, మెడ నిమిరి ముద్దు చేస్తాడు. ఆ ఆనందం కోసమే అది కిలోమీటర్ల కొద్దీ మంచు వాసన చూస్తుంది. తవ్వినచోట ఆడే మనిషి లేకపోతే, కదలని మనిషే మళ్లీ మళ్లీ దొరుకుతుంటే, దాని ఉత్సాహం చచ్చిపోతుంది. తోక దించేస్తుంది. మూలకు ముడుచుకుంటుంది. అందుకని శవం దొరికిన ప్రతిసారీ, ఆ తర్వాత ఒకటి రెండు రోజుల్లో, బతికున్న మనిషిని ఎవరినైనా మంచులో దాచి దానిచేత వెతికించాలి.

ఆ దాక్కునే మనిషి నెట్టీ. మొదట్లో మంచులో కూరుకుపోయినవాళ్లను వెతికే జట్టులో అందరూ వంతులు వేసుకున్నారు. ఒకడికి ఊపిరాడలేదు. ఒకడు లోపల ఏడ్చాడు, బయటికొచ్చి కళ్లలో మంచు పడిందన్నాడు. నెట్టీకి మాత్రం ఏమీ కాలేదు. మోకాళ్లు గడ్డానికి ఆనించి పడుకునేది. గుంట మూతిని మంచు దిమ్మలతో మూసేసేవారు. కాసేపటికి చీకటి పలచబడి నీలంగా వెలుగు వచ్చేది. పై నుంచి అన్నీ వినిపించేవి. బూట్ల కింద మంచు కిర్రుమనడం, ఎవరో దగ్గడం, అగ్గిపుల్ల గీసుకోవడం, అన్నీ. కానీ లోపల్నుంచి ఎంత గట్టిగా అరిచినా పైవాళ్లకు ఒక్క ముక్క అందదు. మంచు గుణమే అంత. లోపలికి రానిస్తుంది, బయటికి పోనివ్వదు.

ఆ సంగతి తెలియక ఒకసారి గ్లెన్ హారాసిమ్ గుంట మీదే నిలబడి ఎల్మర్‌తో మాట్లాడుతూ, "మీ ఆవిడ బోర్ష్ సూప్ ఈమధ్య తాగలేకపోతున్నాన్రా. బీట్‌రూట్ కడిగిన నీళ్లలా ఉంది" అన్నాడు. జూచ్కా తవ్వి బయటికి తీయగానే నెట్టీ లేచి, భుజాల మీది మంచు దులుపుకుని, "గ్లెన్, వచ్చే ఆదివారం మా ఇంటికి భోజనానికి రాకు. వచ్చినా నీకు రొట్టే, నీళ్లే" అంది. గ్లెన్ మొహం ఎర్రబడిపోయింది. ఎల్మర్ ఆ రోజంతా నవ్వుతూనే ఉన్నాడు.

గ్లెన్ రక్షక జట్టుకు నాయకుడు. కొండల మీద మంచు ఎలా ఉందో చూసి రోజూ పొద్దున బులెటిన్ రాసేది కూడా అతనే. స్కీల మీద, స్నోమొబైళ్ల మీద కొండల్లోకి వెళ్లేవాళ్ల కోసం అది. ఏ వాలు నమ్మొచ్చు, ఏ వాలు నమ్మకూడదు, గాలి ఏ పక్కన మంచు పోసింది, అన్నీ అందులో ఉండేవి. లోయ రేడియోలో చదివేవారు. నెట్టీ బస్సు నడుపుతూ వినేది.

ఇన్నేళ్లలో జూచ్కాకు ప్రాణంతో ఉన్న మనిషి ఒక్కడూ దొరకలేదు. ఆ తప్పు కుక్కది కాదు, ఎల్మర్‌ది కాదు. మంచు కింద మనిషికి ఉండే వ్యవధి చాలా కొద్ది. కబురు అందాలి, హెలికాప్టర్ లేవాలి, దిగాలి. వీళ్లు చేరేసరికి ఎప్పుడూ అయిపోయే ఉండేది. దొరికినవాళ్లలో కొందరు నెట్టీ బస్సెక్కి చదువుకున్నవాళ్లే. ఎవడు ఏ మలుపు దగ్గర ఎక్కేవాడో, ఎవడు ఎవడి పక్కన కూర్చునేవాడు కాదో ఆమెకు తెలుసు. ఎల్మర్ ఇంటికొచ్చి పేరు చెప్పేవాడు. ఆమె ఇంకేమీ అడిగేది కాదు. మర్నాడు వెళ్లి గుంటలో పడుకునేది.

*

ఒక ఏడు క్రిస్మస్‌కు ముందు వారాల తరబడి మబ్బు లేని చలి పట్టింది. రాత్రుళ్లు నింగి తేటగా ఉండి, పొద్దునకల్లా మంచు మీద తెల్లటి పలుకులు మొలిచేవి. వేలెడు పొడవుతో, పక్షి ఈకల్లా, చూడముచ్చటగా ఉండేవి. పిల్లలు బస్సు దిగి వాటిని ఊది ఎగరగొట్టేవారు. తర్వాత ఆ ఈకల మీద కొత్త మంచు పడింది. దాని మీద ఇంకా పడింది. కొండంతా గాజుపలుకుల మీద పరుపు వేసినట్టయింది.

"మంచు బాగా పడుతోందని సంబరపడకండి. అడుగున ఉన్న ఆ పొర కుదురుకోలేదు. నిటారు వాలుల మీదికి వెళ్లకండి" అని గ్లెన్ రాశాడు. జనవరంతా అదే రాశాడు. ఫిబ్రవరిలోనూ అదే. మొదట్లో కొన్ని చరియలు విరిగాయి, జనం భయపడ్డారు. తర్వాత కొండలు నిశ్శబ్దమయ్యాయి. ధైర్యం చేసి వెళ్లినవాళ్లు క్షేమంగా తిరిగొచ్చి ఫొటోలు చూపించారు. గ్లెన్ మాత్రం రాసిందే రాస్తున్నాడు.

పెట్రోలు బంకు దగ్గర నెట్టీకి కోల్బీ మార్కిన్ కనిపించాడు. ఐరీన్ కొడుకు. ఐరీన్, నెట్టీ చిన్ననాటి నుంచి స్నేహితులు. తమ రష్యన్ సమాజపు ప్రార్థన హాలు వంటగదిలో పక్కపక్కన నిలబడి, పిండిలో కూర పెట్టి మడిచే పిరాహీలు చేసేవారు. ఐరీన్ మొగుడు అల్బర్టాలో చమురు పనికి వెళ్లి, అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. ఆమెకు మిగిలింది కోల్బీ ఒక్కడే. మిల్లులో పనిచేసేవాడు, సెలవు దొరికితే కొండ మీదే ఉండేవాడు.

"గ్లెన్ రికార్డు అరిగిపోయింది నెట్టీ. ఆయన మాట వింటే ఎండాకాలం దాకా ఇంట్లో కూచుని మేజోళ్లు అల్లుకోవాలి" అన్నాడు కోల్బీ.

"అల్లుకో. మీ అమ్మకి రెండు జతలు కావాలంది."

"అన్నీ పెట్టుకునే వెళ్తాం. మంచు కింద పడ్డా ఎక్కడున్నామో కూతపెట్టే బీకన్ ఉంది, పార ఉంది, గుచ్చి వెతికే కడ్డీ ఉంది. ఇంకేం కావాలి?"

"బుర్ర."

వాడు పగలబడి నవ్వాడు. "ఏదైనా అయితే జూచ్కా ఉందిగా" అంటూ బండెక్కి వెళ్లిపోయాడు. జూచ్కాకు ఎలాంటివాళ్లు దొరుకుతారో చెబుదామని నెట్టీ నోటిదాకా వచ్చింది. వెనక ఇంకో బండి హారన్ కొట్టింది.

*

మార్చి మొదట్లో ఒక శుక్రవారం, నెట్టీ మధ్యాహ్నం పిల్లల్ని దింపుతుండగా బస్సు రేడియోలో కబురొచ్చింది. రొట్టెలపీట అని అందరూ పిలిచే వాలు విరిగింది. ముగ్గురు కుర్రాళ్లు వెళ్లారు. ఇద్దరు పక్కకు తప్పుకున్నారు. కోల్బీ దొరకలేదు.

ఆమె ఆఖరి పిల్లను దింపి, బస్సుతోనే ఫైర్ స్టేషన్‌కు వెళ్లింది. ఐరీన్ అప్పటికే అక్కడుంది. వృద్ధాశ్రమం వంటగది నుంచి ఉన్న పళంగా వచ్చేసినట్టుంది, జుట్టు రాలకుండా పెట్టుకునే వల టోపీ తల మీద అలాగే ఉంది. ఎవరూ దాన్ని తీయమని చెప్పలేదు. నెట్టీయే మెల్లగా తీసి జేబులో పెట్టుకుంది.

గోడ మీది రేడియోలో మాటలు అందరికీ వినిపిస్తూనే ఉన్నాయి. కోల్బీతో వెళ్లిన డార్సీ అనే కుర్రాడు మాట్లాడుతున్నాడు. మంచు కింద ఉన్న బీకన్ కూత పట్టుకుని వాళ్లిద్దరూ తవ్వారు. చేతులు పుండ్లు పడేలా తవ్వారు. తీరా కోల్బీ సంచి దొరికింది. బీకన్ సంచిలోనే ఉంది. ఒంటికి కట్టుకుంటే ఒరుసుకుంటోందని వాడు దాన్ని విప్పి సంచిలో వేసుకున్నాడు. మంచు సంచిని వాడి భుజాల మీంచి ఊడబెరికి వేరే చోటికి ఈడ్చుకుపోయింది.

"ఇప్పుడెలా వెతకాలి? ఎక్కడని వెతకాలి?" అని డార్సీ గొంతు అడుగుతూనే ఉంది.

"కుక్క వస్తోంది. కడ్డీలతో గుచ్చుతూ ఉండండి" అన్నారు ఇక్కడి నుంచి.

"ఎల్మర్ వెళ్లాడు కదా?" అంది ఐరీన్.

"వెళ్లాడు. హెలికాప్టర్‌లోనే ఉన్నాడు."

"జూచ్కా కూడానా?"

"జూచ్కా కూడా."

ఐరీన్ నెట్టీ చెయ్యి పట్టుకుంది. అలా ఎంతసేపు కూర్చున్నారో తెలియదు. ఎవరో టీ పోసి పెట్టారు, చల్లారిపోయింది. చివరికి పైన హెలికాప్టర్ శబ్దం వినిపించింది. ఐరీన్ లేచి నిలబడింది. వాణ్ణి తీసుకొచ్చేశారు అనుకుంది. నెట్టీ అనుకోలేదు. రేడియోలో ఆ ముక్క రాలేదు.

తలుపు తోసుకుని గ్లెన్, అతని వెనక ఎల్మర్, ఎల్మర్ కాళ్ల దగ్గర జూచ్కా లోపలికి వచ్చారు. జూచ్కా ఒంటి మీద మంచు నలుసు కూడా లేదు. కాళ్లు పొడిగా ఉన్నాయి. నెట్టీకి అది చూడగానే అర్థమైపోయింది.

గ్లెన్ ఐరీన్ ఎదురుగా మోకాళ్ల మీద కూర్చున్నాడు. "ఐరీన్, పైన సగం వాలు ఇంకా వేలాడుతూనే ఉంది. గాలి దాని మీద మంచు పోస్తూనే ఉంది. అది విరిగితే కింద ఉన్నవాళ్లెవరూ మిగలరు. మబ్బు కూడా దిగిపోతోంది. నేను మనుషుల్ని దించలేను. ఆ కుర్రాళ్లని కూడా అక్కణ్ణుంచి తప్పుకోమన్నాను."

"కుక్కని దించు."

"కుక్క ఒక్కటే వెళ్లదు."

"ఎల్మర్ వెళ్తాడు." ఐరీన్ తలెత్తి ఎల్మర్‌ని చూసింది. "నువ్వు వెళ్తావు కదూ?"

ఎల్మర్ గోడకు ఆనుకుని ఉన్నాడు. ఆ మనిషి ఎప్పుడూ అంత ముసలివాడిలా కనిపించలేదు. "వెళ్తాను" అన్నాడు.

"వెళ్లడు" అన్నాడు గ్లెన్, వెనక్కి తిరిగి చూడకుండానే. "రేపు పొద్దున పైనుంచి బాంబులు వేసి, ఆ మిగిలిన మంచు దించాకే వెళ్తాం."

"రేపు పొద్దునా?"

గ్లెన్ లేచి రేడియో దగ్గరికి వెళ్లాడు.

ఆ క్షణంలో నెట్టీ గుండెల్లో ఏదో సడలింది. ఎల్మర్ వెళ్లడం లేదు. జూచ్కా వెళ్లడం లేదు. అమ్మయ్య అనిపించింది. ఆ మాట బుర్రలోకి రాకముందే ఒళ్లంతా వదులై, బిగబట్టిన ఊపిరి బయటికి వచ్చేసింది. ఐరీన్ చెయ్యి ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

*

తెల్లవారాక హెలికాప్టర్ నుంచి బాంబులు జారవిడిచారు. ఒకటి, ఇంకొకటి, మళ్లీ ఇంకొకటి. పేలిన చోటల్లా నల్లటి మసి గుంటలు పడ్డాయి. వాలు కదల్లేదు. పిడికెడు మంచు కూడా జారలేదు.

అప్పుడు ఎల్మర్‌నూ జూచ్కానూ దించారు. జూచ్కా అడ్డంగా పరుగెత్తి, గిర్రున తిరిగి, ఒక ఫర్ చెట్టు మొదట్లో తవ్వడం మొదలుపెట్టింది. పార తగలకముందే దాని ముక్కు తగిలింది.

ఎల్మర్ మధ్యాహ్నానికి ఇంటికొచ్చాడు. నెట్టీ పొయ్యి మీద సూప్ వేడి చేసింది. అతను చెంచా ముట్టుకోలేదు.

"కూచుని ఉన్నాడు నెట్టీ" అన్నాడు. "చెట్టుకి వీపు ఆనించి. కొమ్మలు మంచుని ఆపి, ముందర కాస్త ఖాళీ మిగిల్చాయి. నడుం దాకా సిమెంటులో దిగబడ్డట్టు బిగుసుకుపోయాడు. ఒక్క కుడి చెయ్యి ఆడింది వాడికి. ముందరంతా గోకేశాడు. గ్లౌజు వేళ్లు అరిగిపోయాయి. తల మీద ఎంత మంచుందో తెలుసా? నా చెయ్యి పొడవు. అంతే."

నెట్టీ పొయ్యి కట్టేసింది.

"ఎంతసేపు?" అని మాత్రం అడిగింది.

"కొన్ని గంటలు బతికే ఉన్నాడంటున్నాడు డాక్టరు." ఎల్మర్ రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. "ఐరీన్‌కి చెప్పకు."

చెప్పాల్సిన అవసరం రాలేదు. ప్రమాద మరణాల విచారణకు వచ్చిన అధికారి, తన ధర్మం ప్రకారం, తల్లికి అన్నీ విడమరిచి చెప్పాడు.

ప్రార్థన హాల్లో, తమ ఆనవాయితీ ప్రకారం బల్ల మీద రొట్టె, ఉప్పు, నీళ్లు పెట్టి కోల్బీని సాగనంపారు. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క నిలబడి పాత రష్యన్ కీర్తనలు పాడారు. ఐరీన్ పాడలేదు. గ్లెన్ లోపలికి రాకుండా మెట్ల దగ్గరే నిలబడ్డాడు. బయట పొగ తాగుతున్నవాళ్లలో ఒకడు అతనికి వినపడేటట్టే అన్నాడు: "బాంబులకే కదలని కొండ కుక్క కాలికి కదులుతుందా?"

"పొద్దున కదల్లేదంటే సాయంత్రం కదిలేది కాదని కాదు" అన్నాడు గ్లెన్.

"నువ్వు చదువుకున్నోడివి. నీకే తెలియాలి."

ఎల్మర్ ఆ పక్కనే ఉన్నాడు. గ్లెన్ చేసింది సరైన పనే అని అతనికి తెలుసు. గ్లెన్ స్థానంలో తనున్నా అదే చేసేవాడు. ఒక్క మాట అనలేదు. లోపలి నుంచి బోర్ష్ గిన్నె మోసుకొస్తున్న నెట్టీ కూడా విన్నది, అనలేదు. ఏమైనా అంటే, మొగుడు బతికి ఉన్న ఆడది మొగుణ్ణి ఆపినవాణ్ణి వెనకేసుకొచ్చినట్టవుతుంది. గిన్నె బల్ల మీద పెట్టి వంటగదిలోకి వెళ్లిపోయింది.

*

జూచ్కా తిండి మానేసింది. గోడ వైపు తిరిగి పడుకునేది. కోల్బీ దగ్గర అది చాలాసేపు నిలబడిందట. ఎల్మర్ లాగుతున్నా రాకుండా వాడి చేతిని మూతితో ఎత్తి ఎత్తి వదిలిందట, ఆడమని.

కోల్బీని సాగనంపే పనుల్లో ఆలస్యమై, ఆ పై శనివారం నెట్టీ గుంటలో పడుకుంది. మూత మూశారు. చీకటి మెల్లగా నీలమైంది. ఎప్పట్లాగే ఊపిరి చప్పుడు, ఎప్పట్లాగే మోకాళ్లు గడ్డానికి ఆనాయి. కానీ ఈసారి ఆమె కుడిచెయ్యి దానంతటదే లేచి ఎదురుగా ఉన్న మంచును తాకింది. గోకింది. పైన ఎవరో నడుస్తున్నారు, బూట్ల చప్పుడు దగ్గరవుతోంది, ఎల్మర్ గొంతు కుక్కకు ఏదో చెబుతోంది. వీళ్లంతా తన కోసమే వస్తున్నారు. వస్తారని తనకు తెలుసు. జూచ్కా మూతి లోపలికి దూరి మొహం నాకేసరికి ఆమె వెక్కి వెక్కి ఏడుస్తోంది. కుక్కకు అదేం పట్టలేదు. గుడ్డ లాక్కుని గంతులేసింది. సాయంత్రం అన్నం గిన్నె ఖాళీ చేసింది.

ఆ మర్నాడు ఐరీన్ వచ్చింది. కోటు విప్పలేదు.

"నీకే తెలుస్తుంది కాబట్టి నిన్నడుగుతున్నా. లోపలున్నవాళ్లకి పైనివి వినపడతాయా?"

"కొంచెం" అంది నెట్టీ.

"మనుషులు నడిచేది?"

"దగ్గరగా నడిస్తే."

"హెలికాప్టరు?"

నెట్టీకి ఆమె ఏమడుగుతోందో అర్థమైంది. ఆ శుక్రవారం హెలికాప్టర్ రొట్టెలపీట మీద చాలాసేపు తిరిగింది. గ్లెన్ ఆ వాలును అన్ని పక్కల నుంచీ చూడాలన్నాడు. తర్వాత వెనక్కి వెళ్లిపోయింది.

"పైన ఎక్కడో ఉండేవి వినపడవు ఐరీన్. మంచు మింగేస్తుంది."

ఐరీన్ ఆమె మొహంలోకి చూసింది. "నన్ను పెట్టు అందులో."

"ఎందుకే? వద్దు."

"ఎవరో ఒకరు పడుకోవాలి కదా కుక్కకి. నేను పడుకుంటా."

ఎల్మర్ ససేమిరా అన్నాడు. అది మందు కాదు, విషం అన్నాడు. నెట్టీయే అతణ్ణి ఒప్పించింది. కాదంటే ఐరీన్ పార తీసుకుని ఒంటరిగా వెళ్లి తనే తవ్వుకుంటుందని ఆమెకు భయం. తర్వాతి శనివారం ముగ్గురూ కనుమ దగ్గర, కొండ వాలుకు చాలా దూరంగా, చదును నేల మీదికి వెళ్లారు. నెట్టీ గుంటలో ఉన్నికంబళి పరిచింది. ఐరీన్ చేతికి గుడ్డ ఇచ్చింది. ఎలా పడుకోవాలో, భయమేస్తే ఏం చెయ్యాలో చెబుతుంటే ఐరీన్ ఆపేసింది.

"వాడికెవరు చెప్పారు?" అంది.

మంచు దిమ్మలు పేర్చి మూశారు. ఎల్మర్ కుక్కను తీసుకుని రోడ్డు దాకా వెనక్కి వెళ్లాడు. నెట్టీ గుంట పక్కనే నిలబడింది. గాలి లేదు. ఎండ కాస్తోంది.

అప్పుడు వినిపించింది. ఎక్కడో దూరంగా, తర్వాత దగ్గరగా. డబ్బున్నవాళ్లను స్కీలతో కొండ కొనల మీద దింపే హెలికాప్టర్ అది. శనివారాలు ఎన్నోసార్లు తిరుగుతుంది. ఆ చప్పుడుకు అలవాటుపడి లోయలో ఎవరూ తలెత్తి కూడా చూడరు. నెట్టీ తలెత్తింది. ఇటు రావద్దు, ఇటు రావద్దు అనుకుంది. అది నేరుగా వాళ్ల తల మీదికి వచ్చి, కనుమ దాటి, మెల్లమెల్లగా సద్దు మణిగి, లేకుండా పోయింది.

నెట్టీ అరిచి ఎల్మర్‌ను పిలిచింది. జూచ్కా దూసుకొచ్చి తవ్వింది. దిమ్మ పక్కకు పడగానే తల దూర్చి, తోక అటూ ఇటూ కొట్టుకుంటూ, లోపల ఉన్న మొహాన్ని ఆబగా నాకింది. ఐరీన్ గుడ్డ అందించలేదు. ఆమె కళ్లు తెరిచే ఉన్నాయి.

"విన్నాను" అంది లోపల్నుంచే.

నెట్టీ వంగి చెయ్యి అందించింది.

"రావడం విన్నాను. పోవడం విన్నాను." ఆ చెయ్యి పట్టుకోకుండానే, "మూసెయ్" అంది.

"ఐరీన్, పైకి రా."

"ఇంకాసేపుంటా. మూసెయ్యండి."

జూచ్కా గుడ్డ కోసం ఆమె చేతిని మూతితో ఎత్తుతోంది, వదులుతోంది. ఎల్మర్ మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ లోపలికి పోనిచ్చి, చిన్నపిల్లను ఎత్తినట్టు ఐరీన్‌ను బయటికి తీశాడు. ఆమె పెనుగులాడలేదు, సాయపడలేదు.

బండి దగ్గర ఎల్మర్ పారలు సర్దుతుంటే ఇద్దరాడవాళ్లూ ఒంటరిగా మిగిలారు.

"అబద్ధం చెప్పాను నీకు" అంది నెట్టీ.

"ఊఁ."

"ఇంకోటి కూడా ఉంది. ఆ రోజు గ్లెన్ వద్దన్నప్పుడు నాకు..." ఆమె బండి తలుపు పట్టుకుంది. "నాకు హాయిగా అనిపించిందే."

"తెలుసు" అంది ఐరీన్. "నా చెయ్యి నీ చేతిలోనే ఉందిగా."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేదని నెట్టీ చాలాకాలం అనుకుంది. తిట్టి ఉంటే ఏడ్చి ఉండేది, కాళ్ల మీద పడి ఉండేది. ఐరీన్ బండెక్కి, బెల్టు పెట్టుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

*

ఆ వేసవికి గ్లెన్ ఇల్లు అమ్ముకుని సముద్రతీరం వైపు వెళ్లిపోయాడు. వెళ్లే ముందు ఎల్మర్‌ను కలవడానికి రాలేదు, ఎల్మరూ వెళ్లలేదు. ఇప్పుడు లోయ బులెటిన్ ఎక్కడో పట్టణంలో కూర్చుని రాస్తారు. మాటలు అవే ఉంటాయి. వినేవాళ్లు విన్నట్టే వింటున్నారు, వెళ్లేవాళ్లు వెళ్తూనే ఉన్నారు. రొట్టెలపీట మీద ఆ మరుసటి ఏడే స్కీల గీతలు కనిపించాయి. డార్సీవే అన్నారు కొందరు.

ఎల్మర్ జట్టు మానేశాడు. ఒక్క మనిషినైనా బతికుండగా తీద్దామని ఇన్నేళ్లు ఆగానని, ఆ ఒక్కడు కూడా వచ్చి వెళ్లిపోయాడని నెట్టీతో అన్నాడు. తర్వాత ఆ ప్రస్తావన తేలేదు. జూచ్కా ముసలిదై వరండాలో పడుకునేది. మంచు పడిన పొద్దుట అది మెట్ల దాకా వెళ్లి, వాసన చూసి, వెనక్కి వచ్చేసేది. దాని తర్వాత వాళ్లు ఇంకో కుక్కను తెచ్చుకోలేదు. లోయకు కుక్క కావాలంటే మళ్లీ బయటి ఊరి నుంచే రావాలి.

నెట్టీ రిటైరయ్యేదాకా బస్సు నడిపింది. స్కీలు వేసుకునే వయసొచ్చిన పిల్లలు బస్సు దిగేటప్పుడు మొదట్లో ఏదో ఒకటి చెప్పేది. వాళ్లు మర్యాదగా తలాడించేవారు. కొన్నాళ్లకు చెప్పడం మానేసింది.

ప్రార్థన హాల్లో ఏదైనా కార్యం ఉంటే ఇప్పటికీ ఇద్దరూ వస్తారు. వేరే వంటగది లేదు, పిరాహీలు చేయడం తెలిసిన వేరేవాళ్లు ఎక్కువమంది మిగల్లేదు. ఐరీన్ పిండి ఒత్తుతుంది, నెట్టీ కూర పెట్టి అంచులు మడుస్తుంది. ఉప్పు సరిపోయిందా అని ఒకరు అడుగుతారు. సరిపోయిందని ఇంకొకరు అంటారు. పళ్లెం నిండాక ఐరీన్ దాన్ని తీసుకెళ్లి పొయ్యిలో పెట్టి వస్తుంది. నెట్టీ పీట మీద పిండి చల్లుతుంది.